అయిదో నంబరు బకెట్

"గుండె పోయిందండీ" అని భీమేశ్వరరావు ఫోన్లో అన్నప్పుడు శేషగిరి పెరుగన్నంలో ఆఖరి ముద్ద కలుపుతున్నాడు. ఎవరిదండీ పాపం, ఎప్పుడు పోయారు అని అడిగాడు. మనిషి కాదు, ఒట్టి గుండే, సీసాలోంచి మాయమైందని ఆయన విడమర్చి చెప్పాక ఆ ముద్ద నోట్లో పెట్టుకుని, చెయ్యి కడుక్కుని, మయూర్ విహార్ నించి స్కూటరు తీశాడు. నోయిడా అవతల ఆ ప్రైవేటు మెడికల్ కాలేజీకి చేరేసరికి ఒంటిగంట దాటింది. నాలుగింటికి కమిటీ వస్తుంది. ఈలోపు గుండె దొరకాలి. కడుపు నిండుగా ఉంది, పని కొత్తరకంగా ఉంది. శేషగిరికి ఆ రెండూ ఒకే రోజున కుదరడం అరుదు.

భీమేశ్వరరావు రిటైరైన ప్రొఫెసరు, కాకినాడ వైపు మనిషి, శేషగిరి ఉండే సొసైటీలోనే పై అంతస్తు. ఉత్తర భారత అనాటమీ సమాఖ్యకి అధ్యక్షుడు. మనిషి దేహాన్ని కోసి చూపించి పాఠం చెప్పే డాక్టర్ల సంఘం అది. సంఘమన్నాక ఉండేవన్నీ దానికీ ఉన్నాయి. శాలువాలున్నాయి, అధ్యక్షుడి కుర్చీ మీద కన్నేసినవాళ్ళున్నారు, సభ్యులకి మెయిల్లో వెళ్ళే 'సమాఖ్య వార్తలు' అనే పత్రిక ఉంది. దాన్లో తమ ఫొటో చిన్నదిగా వేశారని అంతంత చదువులు చదివినవాళ్ళు నెలల తరబడి మాటలు మానేసుకుంటారు. అయితే సమాఖ్య ఏటా ఇచ్చే పరిశోధన గ్రాంటు శాలువా లాంటిది కాదు. మూడేళ్ళు జీతం, పరికరాలు, పని చేసుకోడానికి సొంత గది. దాంతో ఒక మనిషి నిలబడిపోవచ్చు.

ఈసారి నిలబడవలసిన మనిషి డాక్టర్ భావన. జగిత్యాల నించి వచ్చింది. ఇక్కడ కాంట్రాక్టు ఉద్యోగం, ఈ నెలాఖరుతో సరి. పోయిన దీపావళి నించి ఒక గుండె ముందు కూర్చుని, దాని మీద అల్లుకున్న వెంట్రుకల్లాంటి నరాలన్నిటినీ ఒక్కటీ తెగకుండా విడదీసింది. తన సర్వీసు మొత్తంలో అలాంటి పనితనం చూడలేదని భీమేశ్వరరావు మెట్లు దిగుతూ చెప్పాడు. కమిటీ ఆ గుండెని కళ్ళతో చూసి ఊఁ అంటే గ్రాంటు ఆమెది. పొద్దున్న వచ్చి బీరువా తెరిస్తే సీసా ఉంది, సీసాలో ఫార్మలిన్ ఉంది, గుండె లేదు.

"చూపించలేకపోతే ఏమవుతుంది?" అన్నాడు శేషగిరి.

"రెండో పేరు ఇదే డిపార్టుమెంటులో ఉన్న సాత్విక్‌ది, అతనికి వెళ్తుందండి. అంతవరకే అయితే వచ్చే ఏడాది చూసుకోమ్మా అనేవాణ్ణి. కాలేజీ యాజమాన్యం ఎవరో డిటెక్టివ్‌ని దింపింది. అసలా గుండే లేదు, ఫొటోలు కంప్యూటర్లో చేసినవి, బయటపడుతుందని పిల్లే ఈ నాటకం ఆడిందని అతగాడు రిపోర్టు రాసేస్తున్నాడు. అది కమిటీ ముందు పడితే ఇంకే కాలేజీ ఆ పిల్లని గుమ్మం ఎక్కనివ్వదండి."

బేస్‌మెంటులో సీసాలు దాచే మ్యూజియం గది ముందు ఆ డిటెక్టివ్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. శేషగిరిని చూసి లేవలేదు, కాలు మీద కాలు మార్చాడు.

"ఏందన్నా, ఇంకా ఆ స్కూటర్ మీదనే తిరుగుతున్నవా?"

గోపీకృష్ణ. ఒకప్పుడు కరోల్ బాగ్‌లో ఒకే డిటెక్టివ్ ఏజెన్సీలో, ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు ఇద్దరూ. గోపీ ఇప్పుడు గురుగ్రామ్‌లో అద్దాల మేడలో ఉంటున్నాడు. టీవీలో కనిపిస్తాడు. టీవీలో కనిపించినవాడికి తెలివి దానంతటదే వస్తుందని నమ్మే దేశంలో అతనికి తిరుగేముంది.

"స్కూటరుకి పార్కింగ్ దొరుకుతుందిరా. నీ కారు రోడ్డు మీద ఎండలో ఉడుకుతోంది, చూసొచ్చాను" అన్నాడు శేషగిరి.

గోపీ జేబులో ఫోను మోగింది. తెర మీద పేరు చూసి, విసుగ్గా నొక్కేశాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ నొక్కేశాడు.

"అంకయ్య అని ఒక ముసలాయన. దినాం ఇదే పని. కొడుకు సాయిచరణ్, ఓల్డ్ రాజిందర్ నగర్‌ల సివిల్స్ కోచింగ్. పోయిన దసరా ముంగట మాయమైండు. కేస్ నాదే, టీవీల చూసినవ్ కద. తండ్రి ఆ కొడుకు రూంలనే ఉంటున్నడు, వాడు ఎప్పుడన్న తలుపు కొడతడని. చిన్నప్పుడు గుండెకు ఏందో చేయించిండ్రంట, మందులు ఏసుకుంటున్నడో లేదో అని ఒకటే ముచ్చట. నేనేం జెప్పాలె?"

"దొరకలేదని చెప్పు. ఫోను ఎత్తి చెప్పు."

గోపీ ఆ మాట విననట్టే తన కేసు అప్పజెప్పాడు. బీరువాకి తాళంచెవులు రెండే. ఒకటి భావన దగ్గర, ఒకటి డిపార్టుమెంటు చూసే డాక్టర్ వాసవి డ్రాయర్లో. తాళం పగలలేదు. నేల మీద చుక్క తడి లేదు. బయటి దొంగ అయితే సీసాతో సహా ఎత్తుకుపోతాడు. గుండె ఒక్కటే తీసి, మూత జాగ్రత్తగా పెట్టి, బీరువా తాళం వేసి పోడు. అంటే లోపలి మనిషి. లోపలి మనుషుల్లో గుండె కనపడకుండా పోతే మేలు కలిగేది ఎవరికి? దొంగ ఫొటోలు చూపించిన ఆమెకే.

మొదటి సగం బాగుందని శేషగిరి ఒప్పుకున్నాడు. సీసా చేత్తో తీసి వెలుగులో తిప్పి చూశాడు. మూత చుట్టూ మైనం కొత్తగా రాసి ఉంది. దొంగతనానికి వచ్చి సీసాకి మైనం రాసి వెళ్ళిన మనిషి మీద అతనికి ఒక రకమైన ఇష్టం కలిగింది.

"ఎక్కడెక్కడ వెతికావు?"

డస్ట్‌బిన్లు, ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచులు, మురుగు తూము, భావన హాస్టల్ గది, ఆమె టిఫిన్ డబ్బా కూడా చూశానన్నాడు గోపీ. పక్కనున్న డిసెక్షన్ హాలు కూడా. "బల్లల కింద, అల్మారల్ల, అంతా. శవాల నడుమ ఇంకెంత దూరం పోవాలె?"

"శవం అనకండి" అన్నాడు భీమేశ్వరరావు. గొంతు పెంచలేదు. "దాత అనండి. చాలు."

శేషగిరి సాత్విక్, భావన, వాసవి ముగ్గురినీ విడివిడిగా పిలిపించాడు. అందరినీ అడిగినవి అడిగి, చివర ఒకే ప్రశ్న వేశాడు.

సాత్విక్ ముందొచ్చాడు. ఢిల్లీలోనే పుట్టి పెరిగినవాడు, తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది. నిన్న సాయంత్రం నించి ఘజియాబాద్‌లో అత్తవారింట్లో మరదలి నిశ్చితార్థంలో ఉన్నాడు. డాన్సు చేస్తున్న వీడియోలు చూపించాడు, ఎవరూ చూపించుకోడానికి ఇష్టపడని రకం డాన్సు. గ్రాంటు తనకొస్తే సంతోషమేనని దాచకుండా చెప్పాడు. శేషగిరి ఆ ఒక్క ప్రశ్నా అడిగాడు: ఒక ముక్కని ఎవరికీ కనపడకుండా వదిలించుకోవాలంటే ఎక్కడ పడేస్తావు బాబూ?

"పడెయ్యడం క్యా హోతా హై అంకుల్? ఉస్‌కీ బాల్టీ మే." దాని బకెట్లో వేస్తాం అని. చెప్పులు ఎక్కడ విప్పుతావని అడిగితే చూసినట్టు చూశాడు.

అతను వెళ్ళాక భీమేశ్వరరావు వివరంగా చెప్పాడు. హాల్లో ప్రతి బల్లకీ ఒక మూత బకెట్ ఉంటుంది, దాని మీద బల్ల నంబరు ఉంటుంది. ఆ బల్ల మీద దాత నించి వచ్చిన చిన్న కొవ్వు ముక్కయినా, చర్మం పేలికయినా ఆ బకెట్లోకే వెళ్తుంది. చెత్తలోకి వెళ్ళదు, పక్క బల్ల బకెట్లోకీ వెళ్ళదు. చదువు అయ్యాక ఆ దేహాన్నీ బకెట్నీ కలిపి దహనం చేస్తారు. మనిషి మనకి మొత్తం ఇచ్చాడు, మొత్తంగా వెళ్ళాలి అన్నాడాయన. హాల్లో అడుగుపెట్టిన మొదటి రోజునే పిల్లల చేత ప్రమాణం చేయిస్తారట. తరవాత అది చేతి అలవాటైపోతుంది.

భావన వచ్చి కూర్చోకుండా గోడకి ఆనుకుని నిలబడింది. ఏడ్చి ముఖం కడుక్కున్నట్టుంది. తాళంచెవి తన మెడలోనే ఉందని, రాత్రి కూడా తియ్యలేదని చెప్పింది. ఆ గుండెని వాసవి మేడమే దీపావళికి ముందు తీసి సీసాలో పెట్టి ఇచ్చిందట. శేషగిరి ప్రశ్నకి ఆలోచించుకోకుండా జవాబిచ్చింది.

"మూడో బల్ల బకెట్ల ఏస్త సార్. గుండె ఆ తాతదే కద. రైల్వేల పనిచేసిండంట. పొద్దుగాల పని మొదలుపెట్టే ముందు దినాం దండం పెట్టుకుంటుంటి."

"ఆ తాతని ఎప్పుడైనా చూశావా అమ్మా?"

లేదంది. ఆ బల్ల మొదటి సంవత్సరం పిల్లలది, తను వాళ్ళకి పాఠం చెప్పదు. తను పాఠం చెప్పని బల్ల మీద గుడ్డ ఎత్తి చూడటం ఇక్కడ మర్యాద కాదు.

వాసవి చివర వచ్చింది. సమాఖ్యకి కార్యదర్శి, 'సమాఖ్య వార్తలు' సంపాదకురాలు, ఈ డిపార్టుమెంటుకి పెద్ద. మూడు కుర్చీల్లో కూర్చున్న మనిషి ఎక్కడా సుఖంగా కూర్చోదు; ఈమె అంచు మీద కూర్చుంది. నిన్న సాయంత్రం ఏడు దాకా పత్రిక పనిలో ఉన్నానంది. భీమేశ్వరరావు మధ్యలో అందుకుని, గ్రాంటు వార్తతో పాటు వేసిన గుండె ఫొటో తీసెయ్యమని వాసవి నిన్న సాయంత్రమే పట్టుబట్టిందని, బాగానే ఉందిగా అని తనే రాత్రి సభ్యులందరికీ పంపేశానని చెప్పాడు. ఆమె ఆయన వంక చూసింది. అప్పటిదాకా ఆ సంగతి ఆమెకి తెలియదు.

"భేజ్ దియా సర్? ఫొటో కే సాథ్?"

ఫొటోతో సహా పంపేశానన్నాడాయన. ఆమె గ్లాసులో నీళ్ళు తాగి, కమిటీ గది సర్దించాలంటూ లేచింది. శేషగిరి ఆ ప్రశ్న వేశాడు. మిగతా ఇద్దరూ అడిగీ అడగ్గానే చెప్పారు. ఈమె మాత్రం ఒక క్షణం కిటికీ వంక చూసింది. అది బేస్‌మెంటు కిటికీ. దాన్లోంచి కనిపించేది గోడే.

"బకెట్లో. ఆబ్వియస్లీ."

ఆమె మెట్లెక్కిపోయాక శేషగిరి అదే ప్రశ్న గోపీని అడిగాడు.

"డస్ట్‌బిన్ల ఏస్త. ఇంకేడ?"

"అందుకే నీకు దొరకలేదు" అన్నాడు శేషగిరి.

డిసెక్షన్ హాలు తలుపు తియ్యగానే కళ్ళు మండాయి. ఎనిమిది బల్లలు, ఎనిమిది తెల్ల గుడ్డలు, ఒక్కో బల్ల కాళ్ళ దగ్గర తెల్లటి బకెట్. భీమేశ్వరరావుకీ భావనకీ ఆ వాసన ఉన్నట్టే తెలియలేదు. గోపీ ముక్కుకి రుమాలు కట్టుకున్నాడు. శేషగిరి కట్టుకుందామనుకుని, పెద్దాయన చూస్తున్నాడని మానుకున్నాడు.

మూడో బకెట్ మూత భావనే తెరిచింది. గ్లవ్స్ వేసుకుని అడుగుదాకా వెతికింది. గుండె లేదు.

రుమాలు వెనక గోపీ నవ్వు వినిపించింది. "అన్నా, నీ స్కూటర్ ఇక్కడ్నే ఆగిపోయింది."

"ఇంకా ఏడు ఉన్నాయిగా" అన్నాడు శేషగిరి.

ఒకటి, రెండు, నాలుగు. భావన ఒక్కో మూతా తీసి, చూసి, పెడుతోంది; ప్రతిసారీ ఆ బల్ల వైపు చిన్నగా తల వంచుతోంది. అయిదో బల్ల దగ్గర ఆగింది. దాని మీద గుడ్డ కాక పైన ప్లాస్టిక్ షీటు కూడా కప్పి కట్టి ఉంది. పీజీల కోసం వాసవి మేడం అట్టే పెట్టిన బల్ల, దాని మీద ఇంకా ఎవరూ చెయ్యి వెయ్యలేదని చెప్పింది.

"అంటే బకెట్ ఖాళీగా ఉండాలి" అన్నాడు శేషగిరి.

మూత తీసింది. బకెట్ అడుగున తడి గుడ్డలో చుట్టిన ఒక పొట్లం. గుడ్డ ఇంకా ఫార్మలిన్‌తో నానుతోంది. ఎండిపోతే పాడవుతుందని ఎవరో రెండు మడతలు వేసి చుట్టారు. భావన దాన్ని రెండు చేతుల్తో ఎత్తి, ట్రేలో పెట్టి, గుడ్డ విప్పింది. నల్లదారంతో గుర్తులు కట్టిన సన్నటి నరాలు, తను కట్టిన ముడులు. ఒక్కటీ తెగలేదు. ఆమె మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

భీమేశ్వరరావు ఆనందం పట్టలేక గోపీ చెయ్యి పట్టుకుని ఊపేశాడు, అతను ఎవరి పక్షమో మరిచిపోయి. ఫొటోలు దొంగవి కావు, పిల్ల దొంగ కాదు, నాలుగింటికి కమిటీ వచ్చి చూసుకోవచ్చు. పైన క్యాంటీన్లో ఇవాళ టీ తను పోయిస్తానన్నాడు. శేషగిరికి కూడా అక్కడితో ఆపి టీ తాగాలనిపించింది. మంచి టీ, అల్లం వేసింది.

"అమ్మా, ఇందాకటి నించీ ఆ కోత సందులో ఏదో మెరుస్తోంది. ఏమిటది?" అన్నాడు.

భావన సంబరంగా గుండె గదిని విప్పి చూపించింది. రెండు గదుల మధ్య గోడలో, సగం కండ కప్పేసిన సన్నటి లోహపు వల, బటన్ అంత గొడుగులాగా. గోడలో పుట్టుకతో రంధ్రం ఉంటే మూయడానికి అలాంటిది పెడతారట. పోయిన నెల గది తెరిచినప్పుడే తనకీ కనిపించిందట. వార్తల్లో వేసిన ఫొటో దీనిదే. "తాతకి ఎన్నడో ఏసిన్రు సార్."

"మూడో నంబరు తాతకా?" భీమేశ్వరరావు ముఖంలో నవ్వు ఆగిపోయింది. "మా నాన్న పుట్టాక ఒక్క మాత్ర మింగలేదండీ, ఆసుపత్రి మెట్టెక్కలేదండీ అని ఆయన కొడుకు చెప్పాడు. ఆ రోజు కృతజ్ఞత చెప్పింది నేనే. ఈ గుండె ఆయనదని ఇవాళ్టిదాకా ఎవరూ నాతో అనలేదే. దాత నంబరు మనం వార్తల్లో వెయ్యం కదా."

గోపీ రుమాలు దించాడు. దొరికింది కదా, ఎవరిదైతే ఏమిటన్నాడు. మొదటి నించీ ఆమే ఇక్కడ దాచి, శేషగిరి బకెట్లు తెరిపిస్తున్నాడని చూసి దొరికినట్టు నటిస్తోందన్నాడు.

"ఆమె దాస్తే మూడో బకెట్లో దాచేది" అన్నాడు శేషగిరి. "ఇక్కడివాళ్ళ చేతికి ఇంకో బకెట్లో వెయ్యడం రాదు. తీసినవాళ్ళు నీలాగా డస్ట్‌బిన్‌లో వేసి ఉంటే ఈ పాటికి అది ఎక్కడో కాలిపోయి ఉండేది, నువ్వు గెలిచేవాడివి. వాళ్ళకి మనసొప్పలేదు. ఎవరి గుండె వాళ్ళ దగ్గర పెట్టేసి వెళ్ళారు. ఇది అయిదో నంబరుది. ఆ సంగతి భావనకి తెలీదు. తెలిసిన మనిషి ఒక్కరే, గుండె తీసి ఇచ్చినవాళ్ళు."

"మాటలు మస్తున్నయ్. సబూత్ ఉందా, రుజువు?"

"ఉంది. మూడో బల్ల మీదే ఉంది."

భీమేశ్వరరావు మూడో బల్ల దగ్గరికి వెళ్ళి, కళ్ళు మూసుకుని చేతులు జోడించి, ఛాతీ దగ్గర గుడ్డ మడత తీశాడు. పిల్లలు నేర్చుకుంటూ కోసిన కోత, విప్పి మళ్ళీ మూసిన ఎముకల గూడు. దాన్ని పక్కకి ఎత్తాడు. లోపల, ఉండవలసిన చోట, కొవ్వు పట్టిన పెద్ద గుండె ఒకటి నిశ్చింతగా ఉంది.

భావన తన చేతిలో ట్రే వంక చూసుకుంది. "మరి నేను ఇన్ని దినాలు ఎవరికి దండం పెట్టిన సార్?"

అయిదో బల్ల వైపు నడవడానికి భీమేశ్వరరావు వెనకాడాడు. అక్కడ ఉన్నది నాగేంద్రమ్మ అన్నాడు. తనతో పాటు ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పిన స్నేహితుడి భార్య, పెద్దావిడ. దసరా రోజుల్లో పోయింది. ఆవిడ కోరిక ప్రకారం తనే వెంట వచ్చి ఇక్కడ అప్పజెప్పి, పూలు పెట్టి వెళ్ళాడు. ఆవిడ ముఖం మీద గుడ్డ తియ్యడం తన వల్ల కాదన్నాడు.

"ఈ గుండె పెద్దావిడది అయ్యేంత చిన్నదిగా ఉందా అండీ?" అని శేషగిరి మెల్లిగా అడిగాడు.

ప్రొఫెసరు ట్రే వంక చూశాడు. వెళ్ళి ప్లాస్టిక్ షీటు కట్లు విప్పాడు. గుడ్డ అంచు పట్టుకుని, ఒక్కసారి ఊపిరి తీసి, వెనక్కి మడిచాడు.

నాగేంద్రమ్మ కాదు. పాతికేళ్ళ కుర్రవాడు. ఫార్మలిన్‌కి చర్మం గోధుమరంగు తిరిగింది గానీ ముఖం ముఖంలాగే ఉంది. ఎడమ కనుబొమ్మని రెండుగా చీల్చిన పాత గీత. ఛాతీ మధ్య సన్నటి కోత, తిన్నగా, అలవాటున్న చేత్తో కుట్టి ఉంది.

గోపీ దగ్గరికి వచ్చి వంగి చూశాడు. జేబులోంచి ఫోను తీసి, తెర మీద ఒక ఫొటో పెట్టి, శేషగిరికి అందించాడు. కోచింగ్ సెంటర్ ఐడీ కార్డు. చీలిన కనుబొమ్మ. సాయిచరణ్.

"గొడుగు" అన్నాడు గోపీ. "చిన్నప్పుడు గుండెల గొడుగు పెట్టిన్రు సారూ అని ఆయన దినాం చెప్తుండె. నేను ఇనలే అన్నా. ఫోన్ పక్కన పెట్టి వేరే పని చేసుకుంటుంటి."

శేషగిరి చేతిలోనే ఆ ఫోను మోగింది. అంకయ్య. గోపీ చెయ్యి చాపాడు గానీ, ఎత్తే గుర్తు మీదికీ నొక్కేసే గుర్తు మీదికీ వేలు పోలేదు. అది మోగినంతసేపూ మోగి ఆగిపోయింది. శేషగిరి ఫోను అతని చేతిలో పెట్టాడు. గెలిచిన సంతోషం ఇందాకటి దాకా ఉంది, ఇప్పుడు ఎక్కడుందో వెతుక్కునే ఓపిక లేదు.

తలుపు తెరుచుకుంది. వాసవి లోపలికి వచ్చి తలుపు మూసి, పైనా కిందా గడియలు వేసి, వాటికి వీపు ఆనించి నిలబడింది. విప్పిన గుడ్డని చూసింది. ఆశ్చర్యపోలేదు.

భీమేశ్వరరావు ఒక్కటే అడిగాడు. "మా నాగేంద్రమ్మ ఏదమ్మా?"

ఆమె తెలుగులోనే చెప్పింది, మాటలు ఏరుకుంటూ. ఆ రోజు ఆవిడ దేహానికి ఫార్మలిన్ ఎక్కించడం తనే మర్నాటికి వాయిదా వేసింది. సమాఖ్య సభలో అవార్డులు అందించే పని పడింది. మర్నాటికి దేహం పాడైపోయింది. ఆ మాట ఈయనకి చెప్పలేక చాటుగా దహనం చేయించింది. దేహాలు తెచ్చే వ్యాను వాళ్ళు, కంగారు పడకండి మేడమ్, ఎవరూ లేని కుర్రాడు ఒకడున్నాడు, ఆ నంబరు కింద పెట్టుకోండి అన్నారు. పెట్టుకుంది. భావన మంచి గుండె కావాలంటే ఇదే ఇచ్చింది. ఆవిడదంటే నమ్మరని మూడో నంబరు పేరు చెప్పింది. అందులో గొడుగు ఉందని నిన్న ఫొటో చూసేదాకా తెలీదు. గుండెకి గొడుగు పెట్టించినవాళ్ళు ఉన్న కుర్రాడు, ఎవరూ లేనివాడు ఎలా అవుతాడు?

"రాత్రి తీశాను సార్. పారెయ్యలేకపోయాను. వాడిది వాడికి ఇచ్చేశాను." భావన వంక చూడలేకపోయింది. "నీ పని పాడు చెయ్యలేదు. చూసుకో."

భావన ట్రేని గుండెలకి దగ్గరగా పట్టుకుంది.

"గడియలు ఎందుకు వేశారు మేడమ్?" అన్నాడు శేషగిరి.

"పత్రిక మన సభ్యులకి మాత్రమే కాదు సార్. దేహాలు తెచ్చేవాళ్ళకీ వెళ్తుంది, మర్యాద కోసం లిస్టులో పెట్టాం. వాళ్ళూ ఫొటోలో ఆ గొడుగు చూశారు. పైన నాకు ఎదురుపడ్డారు, నా చేతి నించి ఫోను లాక్కున్నారు. వెనక మెట్ల మీద నించి పరిగెత్తుకొచ్చాను."

బయట లిఫ్టు ఆగిన గంట వినిపించింది. తరవాత వరండాలో బూట్లు, ఒక చక్రాల స్ట్రెచర్ గీరుకుంటూ వస్తున్న చప్పుడు. శేషగిరి వాచీ చూసుకున్నాడు. కమిటీ రావడానికి ఇంకా చాలా టైముంది. గోపీ కదిలాడు. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి అయిదో బల్లకీ తలుపుకీ మధ్య నిలబడ్డాడు.

తలుపు మీద మూడుసార్లు, మెల్లిగా, చాలా మర్యాదగా తట్టారు.

"మేడమ్‌జీ, దర్వాజా ఖోలియే. పాంచ్ నంబర్ కో వాపస్ లేనే ఆయే హైఁ." అయిదో నంబరుని వెనక్కి తీసుకుపోవడానికి వచ్చారట.